నిలబడే పలక

పోయిన వారం మిమ్మల్ని థెరపీ గదిలో, కింద పడబోయిన పిల్ల దగ్గర వదిలేసి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. నేను మాత్రం ఇవాళ్టికీ ఆ గదిలోంచి బయటికి రాలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. మా పిల్లకి తొమ్మిదేళ్ళు. ఒకచోట కుదురుగా ఉండేది కాదు కాబట్టి ఇంటా బయటా అందరూ పిడుగు అనేవాళ్ళు. ఎనిమిది నెలల కిందట మామూలు జ్వరమొకటి వచ్చి తగ్గింది. తగ్గిన పదోరోజున కాళ్ళలో బలం పోయింది, ఆ తర్వాత చేతుల్లో. నరాల జబ్బన్నారు. నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాం. పోయిన బలం తిరిగి వస్తుంది, కానీ ఊరికే కూర్చోబెడితే రాదు, రోజూ పని చేయించాలి అని చెప్పి నరాల డాక్టరుగారు మమ్మల్ని థెరపీ మేడంకి అప్పగించారు.

మేడం మొదటిరోజే ఇంటిపని రెండుగా పంచారు. మా ఆయన వడ్రంగి. నేను బట్టలు కుడతాను. అందుకని కాళ్ళు ఆయనకిచ్చారు, చేతులు నాకిచ్చారు. ఆయన అంగుళం అంగుళం ఎత్తు పెంచుతూ చెక్క మెట్లు చేసి ఎక్కించాలి. నేను ఒక గుడ్డపట్టీ మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా తొమ్మిది గుండీలు కుట్టి, ఎదురు పట్టీకి కాజాలు తీసి, పిల్లచేత ఆ గుండీలు పెట్టించాలి, తీయించాలి. ఎన్నిసార్లు చేయించామో ఇద్దరం ఒకే నోటుపుస్తకంలో రాయాలి. పుస్తకం వారం వారం మేడంకి చూపించాలి, పిల్లని మాత్రం రెండు నెలలకోసారి తీసుకెళ్ళాలి. మా ఇంట్లో పెళ్ళయిన నాటి నుంచీ ఒక పద్ధతుంది. ఆయన చెక్కలో నేను వేలు పెట్టను, నా గుడ్డలో ఆయన వేలు పెట్టడు. మా సంసారం ఇన్నేళ్ళు సాఫీగా సాగిందంటే దానివల్లే అనుకునేదాన్ని.

ఆ రోజే మేడం ఇంకో మాట కూడా చెప్పారు. "ముందుకి వెళ్ళకపోయినా నేనేమీ అనను. వెనక్కి వెళ్తే మాత్రం, ఒక్క మెట్టే కానీ, ఒక్క గుండీయే కానీ, ఆ రోజే నాకు చెప్పాలి. ఇది ఒక్కసారి వచ్చి పోయే రకమా, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే రకమా అన్నది మనకి అలాగే తెలుస్తుంది. తిరగబెట్టే రకమైతే మందు వేరు, తొందర వేరు." మేమిద్దరం గంగిరెద్దుల్లా తలలూపాం.

పిడుగు ప్రాణమంతా బడి మీద ఉంది. ఆమె తరగతి గదికి మూడు మెట్లున్నాయి. ఒక్కొక్కటీ ఆరంగుళాలు, నేనే టేపు పెట్టి కొలుచుకొచ్చాను. మెట్లు లేని గది ఒకటో తరగతి పిల్లలది. కావాలంటే అక్కడ కూర్చోవచ్చన్నారు పెద్ద టీచరు. "ముక్కు చీదుకోవడం రానివాళ్ళ మధ్య కూర్చుని అ ఆలు దిద్దమంటావా అమ్మా?" అని పిడుగు అంతెత్తున లేచింది. దసరా సెలవులైపోయి సోమవారం బడి తెరుస్తారు. తన మెట్లు తానే ఎక్కి వచ్చి తన బెంచీ మీదే కూర్చుంటానని పక్క బెంచీ పిల్లకి మాటిచ్చేసింది.

ఇంట్లో ఐదో మెట్టు ఎక్కుతోంది. ఆరంగుళాలది, రోజుకి పన్నెండుసార్లు. నోటుపుస్తకంలో మా ఆయన చేతిరాతే సాక్ష్యం. మరి పోయినసారి చెప్పానే, ఆ రోజు మేడంగారి గదిలో అదే ఆరంగుళాల మెట్టు దగ్గర పాదం సగం దాకా లేచి, అంచుకి తగిలి, పిల్ల బోర్లా పడబోయింది. నడుముకి కట్టిన బెల్టు మేడం గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది. ఆవిడ ఒకసారి నోటుపుస్తకం చూసి, ఒకసారి పిల్లని చూసి, "మీ ఇంటి మెట్టు రేపు పట్టుకురండి," అన్నారు. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. అక్కడ ఆపాను.

*

మర్నాడు పొద్దున్న ఇల్లు ఎప్పటిలాగే లేచింది. పాదాలు వేలాడిపోకుండా మోకాలి కింద తొడిగే ప్లాస్టిక్ స్ప్లింట్లు పిడుగుకి నేనే తొడిగాను. గ్లాసుతో నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగిందో లేదో పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గింది. నేను నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను," అన్నాను. ఈ వారంలో ఇది నాలుగోసారి. నా పిల్ల మీద ఇంత అభిమానం ఎవరికుందో కనుక్కుని ఒక జాకెట్ ఊరికే కుట్టిపెట్టాలనిపించింది.

"పక్క బెంచీ పిల్లే అయ్యుంటుంది," అన్నాడు మా ఆయన. మామూలుగా అయితే దానికింకో మాట కలిపి పిల్లని నవ్వించేవాడు. ఆ పూట కలపలేదు. ఐదో మెట్టుని గోనెసంచిలో పెట్టి తాడు కడుతున్నాడు. అంత చిన్న పెట్టెకి అన్ని ముళ్ళెందుకో అనుకున్నాను కానీ అడగలేదు. చెక్క కదా, నాకెందుకు.

పైగా నాకు నిన్నటి నుంచీ ఒకటే ధీమా. తప్పు మేడంగారి మెట్టుదే. ఆస్పత్రి నేల నున్నగా ఉంటుంది, కొత్తచోటు, పిల్ల బెదిరింది, అంతే. మా ఆయన చేత్తో చేసిన తలుపుకి కాగితం దూరేంత సందు కూడా ఉండదు. ఆ మనిషి కొలత తప్పడమంటే సూర్యుడు పడమట పొడవడమే. ఈ మాట దారిలో కనిపించిన ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంటూ కూడా వెళ్ళాను. మెడలో టేపు వేసుకునే బయల్దేరాను, అవసరమైతే మేడంగారి మెట్టే కొలిచి చూపిద్దామని.

థెరపీ గది మీకు తెలిసిందే. పట్టుకుని నడవడానికి రెండు వరస గొట్టాలు, గోడంతా అద్దం, నేల మీద మందపాటి రబ్బరు పరుపు, చివర్న చేతిపట్టు ఉన్న మూడు చెక్క మెట్లు. మేడం పొట్టి మనిషి. చెవి మీద పెన్సిలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ నోటి నుంచి శభాష్ అన్న మాట రాదు. పిల్ల ఏదైనా చేస్తే "ఏడు" అంటారు, మళ్ళీ చేస్తే "ఎనిమిది" అంటారు. మొదట్లో ఈవిడకి గుండె లేదా అనుకునేదాన్ని. మా ఇంట్లో అలా కాదు. పిడుగు మెట్టెక్కిన ప్రతిసారీ మా ఆయన చప్పట్లు కొడతాడు. కుట్టుమిషను దగ్గర నుంచి నేనూ కొడతాను.

మా ఆయన ముళ్ళన్నీ విప్పి మెట్టు తీసి నేల మీద పెట్టాడు. మేడం పిడుగు నడుముకి బెల్టు కట్టి మెట్టు ముందు నిలబెట్టారు. "ఎక్కు తల్లీ. ఇంట్లో ఎలా ఎక్కుతావో అలాగే."

పిడుగు మెట్టుని చూసింది. తర్వాత దాని ముందున్న నేలని చూసింది. వెనక్కి తిరిగి, "నాన్నా, నా పలక ఏది?" అంది.

"ఏ పలకమ్మా?" అన్నారు మేడం.

"నిలబడే పలక మేడం. దానిమీద నిలబడే కదా ఎక్కుతాను. నాన్న తేవడం మర్చిపోయాడు." వాళ్ళ నాన్న తరఫున తనే సర్దిచెబుతున్నట్టు అంది. "పొద్దున్నే హడావిడిలో ఉన్నాడులెండి."

ఆ పలక నాకు తెలుసు. మూడో మెట్టు వచ్చిన మూడు నాలుగు రోజులకి వచ్చింది. పైన నల్లరబ్బరు అంటించి ఉంటుంది. నేల జారుతుంది, పిల్ల పడుతుంది, అందుకని చేశానన్నాడు. ఎంత ముందుచూపని మురిసిపోయాను కూడా. ఆ మురిసిపోయిన సంగతి ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

మేడం నావైపు చూడలేదు, ఆయన వైపు చూడలేదు. పిల్లనే అడిగారు. "ఆ పలక ఎంత మందముంటుంది? వేళ్ళతో చూపించు."

పిడుగు బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించింది. "ఇంత. ఇది ఇప్పటి పలక. మెట్టు మారినప్పుడల్లా నాన్న కొత్త పలక చేస్తాడు. మొదటిది సన్నం. తర్వాతది కొంచెం లావు. ఇది బాగా లావు. నాన్నే నన్నెత్తి దాని మీద నిలబెడతాడు."

నా చేయి మెడలోని టేపు మీదికి దానంతటదే వెళ్ళింది. వెళ్ళి ఆ వేళ్ళ మధ్య పెట్టి చూశాను. మూడంగుళాలు. ఆరులోంచి మూడు తీసెయ్యడానికి పెద్ద చదువక్కర్లేదు.

నేను ప్రతి మెట్టూ కొలిచాను. ఆయన చెక్కలో వేలు పెట్టకపోయినా టేపు పెట్టాను, సంబరం కొద్దీ. నాలుగు, ఐదు, ఆరు, దారప్పోగంత తేడా లేదు. కానీ నేల నుంచి కొలిచాను. పిల్ల నిలబడ్డ చోటు నుంచి కొలవలేదు. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ చెప్పులు విప్పి నిలబడమ్మా అని గదమాయించేదాన్ని, చెప్పుల ఎత్తు లంగా పొడవులో కలిసిపోతుందని. అలాంటిది నా సొంత పిల్ల కాళ్ళ కింద మూడంగుళాలు చేరితే నాకు కనిపించలేదు.

"మూడో మెట్టుకి పలక అంగుళం," అన్నాను. "నాలుగో మెట్టుకి రెండంగుళాలు. ఐదోదానికి మూడు. అంతేనా?"

మా ఆయన అరచేతిలోని పాత గాటుని బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

"మిమ్మల్నే. అంతేనా?"

"అంతే."

"అంటే ఎప్పుడు చూసినా మూడంగుళాలే ఎక్కిస్తున్నారు."

"అవును."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడు వారాలు."

కోపంలో నోరు జారితే క్షమించవచ్చు. తొందరపాటులో చేసిన తప్పయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. రంపంతో కోసి, చిత్రిక పట్టి, అంచులు నున్నగా రుద్ది, కొలిచి రబ్బరు అంటించి చేసిన అబద్ధం. ఒకసారి కాదు, మూడుసార్లు చేశాడు. నేను పక్కగదిలో మిషను తొక్కుతూ ఆ చిత్రిక చప్పుడు విన్నాను. నా పిల్ల కోసం ఎంత కష్టపడుతున్నాడో అనుకుంటూ విన్నాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టలేకపోవడమే కాదు, ఆ దొంగకి మజ్జిగ కూడా కలిపి ఇచ్చాను.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా మీకు?" అన్నాను. "ఒకే ఇంట్లో తిరుగుతూ, ఒకే నోటుపుస్తకంలో రాస్తూ, ఏడు వారాలు నా కళ్ళలోకి ఎలా చూశారండీ?"

"ఎక్కలేకపోయింది," అన్నాడు నెమ్మదిగా. "నాలుగంగుళాల మెట్టు రెండు రోజులు బాగానే ఎక్కింది. మూడోరోజు పాదం లేవలేదు. పన్నెండుసార్లు ప్రయత్నించింది. పన్నెండుసార్లూ నా మొహంలోకి చూసింది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. 'నాన్నా, రేపు ఎక్కుతాను, అమ్మకి చెప్పకు' అంది."

"అది చిన్నపిల్ల. మీరూ చిన్నపిల్లాడేనా?"

"ఒక్క రోజుకే అనుకున్నాను. మర్నాడు పలక వేశాను, ఎక్కింది. అది నవ్విన నవ్వు చూస్తే... ఎల్లుండి తీసేద్దాం అనుకున్నాను. అంతలో నువ్వు మూడో మెట్టు ఎక్కేసిందని వీధివీధంతా చెప్పొచ్చావు. అందరూ వచ్చి పిల్లని చూసి వెళ్ళారు. ఇంకెలా తియ్యను?"

ఈ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే, చెప్పాను. కూరల దుకాణం నుంచి బడి గేటు దాకా ఎవరినీ వదలలేదు. అయినా తగ్గలేదు నేను. "అయితే తప్పు నాదంటారు. నా నోటిదంటారు. పలక చేసింది నా నోరేనా?"

"నీదని అనలేదు."

"అనండి, మీకిది కూడా వచ్చు."

ఇంకా ఏమేమి అనేదాన్నో. ఇంతలో పిడుగు, "అంటే నేను ఎక్కలేదా?" అంది.

మేం దాని గురించి దాని ఎదుటే కొట్టుకుంటున్నామని నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఒక్కసారి కూడా ఎక్కలేదా?" అంది మళ్ళీ.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎక్కావు తల్లీ. మూడంగుళాలు నువ్వే ఎక్కావు. ఎవరూ సాయం పట్టలేదు."

"మూడంగుళాలు నేనెప్పుడో ఎక్కాను. అది రెండో మెట్టు." లెక్కల్లో పిడుగు ఎప్పుడూ ముందే. "మరి ఇప్పుడు చప్పట్లెందుకు కొట్టావు నాన్నా?"

ఆయన చేతులు చాపితే పిడుగు వెనక్కి జరగబోయింది, కాళ్ళు సహకరించలేదు, బెల్టు పట్టుకున్న మేడం మీదికే ఒరిగింది. ఒరిగి అక్కడే ఉండిపోయింది. మా ఇద్దరి దగ్గరికీ రాలేదు.

"నువ్వూ కొట్టావు," అంది నాతో.

"నాకు తెలీదు తల్లీ. ఒట్టు, నాకు తెలీదు."

"నేను పక్క బెంచీ పిల్లకి చెప్పేశాను," అంది. కళ్ళలో నీళ్ళు అప్పుడొచ్చాయి. "సోమవారం అందరూ మెట్ల దగ్గర నిలబడి చూస్తామన్నారు. వాళ్ళందరి ముందూ నేను..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా నాకు ఆ మూడు మెట్లూ, చుట్టూ పిల్లలూ, బోర్లాపడిన నా పిల్లా కళ్ళకి కట్టినట్టు కనిపించారు. ఆ క్షణాన మా ఆయన్ని చంపెయ్యాలన్నంత కోపమొచ్చింది. దాచుకోవడమెందుకు, వచ్చింది.

మేడం పిడుగుని కుర్చీలో కూర్చోబెట్టి ముక్కు తుడిచారు. తర్వాత చెవి మీద పెన్సిలు తీశారు. "మీ పోట్లాట ఇంటికెళ్ళి పడండి," అన్నారు, కోపంగా కాదు. "నాకు తేదీ కావాలి. పాదం లేవనిది ఏ రోజు?"

"వానలు పట్టిన వారం," అన్నాడు మా ఆయన. "మంగళవారం."

ఆవిడ నోటుపుస్తకంలో వెనక్కి వెళ్ళి ఆ రోజు వెతికారు. పక్కన మా ఆయన రాత, 'నాలుగంగుళాలు, పన్నెండు'. దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. "ఇక్కడ వెనక్కి వెళ్ళింది. నేనేమో ఈ పుస్తకం నమ్మి ముందుకి వెళ్తోందని నరాల డాక్టరుగారికి రాసి పంపాను. ఏడు వారాలు." ఆవిడ ఆ సున్నా మీదే ఇంకోసారి పెన్సిలు తిప్పారు. "కాళ్ళొక్కటే అయితే అలసట అని కూడా అనుకోవచ్చు. కాళ్ళూ చేతులూ ఒకే వారంలో తగ్గితే మాత్రం అది అలసట కాదు, జబ్బు తిరగబెట్టినట్టే. చెప్పండి, ఆ వారం చేతులెలా ఉన్నాయి?"

"చేతులు బాగున్నాయి మేడం!" నాకన్నా ముందు పిడుగే అంది. ముక్కు ఎగబీలుస్తూనే సంచీలోంచి గుండీల పట్టీ బయటికి లాగింది. "తొమ్మిదీ పెడతాను. చిట్టచివరి బుల్లి గుండీతో సహా. ఇది నాన్న చేసింది కాదు. అమ్మ చేసింది."

ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ప్రతి గుండీ పెట్టాక తలెత్తి వాళ్ళ నాన్నని చూస్తోంది, చూడు, ఇలా ఉండాలి అన్నట్టు. నాలుగు. ఐదు. నాకు ఆ వారం గుర్తొచ్చింది.

వానలు పట్టిన వారం. బడి చొక్కాలు నలభై ఒప్పుకున్నాను, ఊపిరాడని పని. గురువారమో శుక్రవారమో పిడుగు నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఏడో గుండీ దగ్గర ఆగిపోయింది. పెదవి కొరుక్కుంటూ ఎంతకీ పెట్టలేకపోయింది. తడికి గుడ్డ బిగుసుకుంది, అందుకే కాజా ఇరుకైంది అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా అని ఇప్పుడడిగితే చెప్పలేను. బ్లేడు తీసుకుని కాజా ఒక బియ్యపు గింజంత చీరి, అంచు మళ్ళీ కుట్టి ఇచ్చాను. ఈసారి పెట్టేసింది. ఎనిమిదోది, తొమ్మిదోది కూడా అలాగే సర్దాను. తర్వాతి వారం మిగతావన్నీ. అది అబద్ధమని నాకు అనిపించలేదు. ఒంటికి తగ్గట్టు గుడ్డని సర్దడం నా వృత్తి. సాయంత్రం నోటుపుస్తకంలో తొమ్మిది అని రాసి కింద గీత కూడా గీశాను.

గురివింద గింజ తన కింద నలుపు తానెరగదంటారు. నేను ఎరుగుదును. తిరగేసి చూసుకోలేదు, అంతే.

"తొమ్మిది!" అంది పిడుగు.

మేడం తొమ్మిది అనలేదు. పట్టీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో తిప్పి చూశారు. కాజాల చివర కొత్తదారం తెల్లగా కనిపిస్తోంది. అసలు దారం అప్పటికే మాసిపోయింది.

"ఇవి మళ్ళీ కుట్టారా?" అన్నారు.

మా ఆయన తలెత్తి ఒక్కసారి నావైపు చూశాడు. ఆయనకి అర్థమైంది. నేనైతే ఆ చోట వంద మాటలు అనేదాన్ని. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. ఏనాడూ నా గుడ్డలో వేలు పెట్టని మనిషి అప్పుడు కూడా పెట్టలేదు.

"అమ్మా," అంది పిడుగు, "ఇది నిజమేగా?"

పలక సంగతి తేలిన గంటలోనే ఆ పిల్ల ఇంకొకరిని నమ్మడానికి సిద్ధపడింది. నిజమే అంటే నమ్మేస్తుంది కూడా. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"కాదు తల్లీ," అన్నాను. "నువ్వు పెట్టలేకపోతుంటే చూడలేక కాజాలు పెద్దవి చేశాను. బ్లేడుతో."

"ఎప్పుడు?" అన్నారు మేడం.

"అదే వారం."

మేడం బల్ల దగ్గరికి వెళ్ళి నోటుపుస్తకంలో నా తొమ్మిది చుట్టూ కూడా సున్నా చుట్టారు. పిడుగు ఏడవలేదు. అరవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది, అవి ఎవరివో అన్నట్టు. తిట్టినా, కొట్టినా భరించేదాన్ని. నిన్నటిదాకా ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్న పిల్ల నన్ను పరాయి మనిషిని చేసేసింది.

మా ఆయనకి ఏం చెయ్యాలో తోచక మూలనున్న కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. "తాగు తల్లీ."

"వద్దు."

"రెండు గుక్కలు తాగు."

"వద్దన్నానా! మళ్ళీ పొలమారుతుంది." మేడం వైపు తిరిగింది. "నీళ్ళు తాగితే పొలమారుతోంది మేడం. ఎవరో తలుచుకుంటున్నారంటుంది అమ్మ. పక్క బెంచీ పిల్ల అంటాడు నాన్న. రోజూ నన్ను తలుచుకోవడం తప్ప ఆ పిల్లకి వేరే పనేం లేదా?"

మేడం చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నాలుగు అంగల్లో వచ్చి మా ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని దూరంగా అరలో పెట్టేశారు. "మేడం, అది అందరికీ..." అని నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. ఫోను తీసి, "నరాల డాక్టరుగారు ఏ వార్డులో ఉన్నా సరే, పిలవండి. పిల్లని ఇప్పుడే పైకి తెస్తున్నాను. మింగడం కష్టమవుతోంది, జబ్బు గొంతు దాకా వచ్చినట్టుంది," అన్నారు. పెట్టేసి పిడుగు కుర్చీ ముందు కూర్చున్నారు.

"ఎన్ని రోజుల నుంచి తల్లీ? నువ్వే చెప్పు. వీళ్ళని అడగను."

పిడుగు మావైపు చూడలేదు. కుడిచేతి వేళ్ళు వాటంతటవి పూర్తిగా మడత పడటం లేదు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలినీ పట్టుకుని మడుస్తూ లెక్కపెట్టింది. నాలుగో వేలి దగ్గర ఆగుతుందనుకున్నాను. నేను విన్నది నాలుగుసార్లే.

ఆగలేదు. రెండో చెయ్యి మొదలుపెట్టింది.